నలభై ఏడో నంబరు

లండన్, ఒంటారియో
జులై 16

ఒరేయ్ త్యాగూ,

నీ ఉత్తరం అందింది. అందులో సగం నీ మోకాలి గురించి, సగం మీ ఊరి ఫుట్‌బాల్ జట్టు క్వార్టర్‌బ్యాక్ వెస్ డార్బీ గురించి. మోకాలి కబుర్లే ఆసక్తిగా ఉన్నాయి.

మా అమ్మాయి వైదేహి నాకు కొత్త హియరింగ్ ఎయిడ్ కొనిపెట్టింది. ఎదురుగా కూర్చుని మాట్లాడితే వినపడుతోంది. ఫోన్లో మాత్రం ఎవరు మాట్లాడినా నీళ్ళలోంచి మాట్లాడినట్టే ఉంది. కాబట్టి మనిద్దరికీ ఇంకా కాగితమే గతి.

డార్బీని ఎవరూ ముట్టుకోకూడదని రాశావు. వాడి మీద చెయ్యి పడితే చాలు, అంపైర్లు తప్పు పట్టి జెండా విసరాలన్నావు. ఇది మన పాత తగాదాయే. దమయంతికి నువ్వు పెళ్ళయినప్పటినుంచీ చెప్తున్న పాఠమే నీకు మళ్ళీ చెప్తాను. క్వార్టర్‌బ్యాక్ బంతి అందుకుని ఎవరికి విసరాలో చూసుకుంటాడు. అవతలి జట్టువాళ్ళు వాడు విసిరేలోపు పడగొట్టాలి. ఆట మొత్తం ఆ రెండు మూడు క్షణాల్లోనే ఉంది. పడగొట్టేవాడి చేతులు కట్టేస్తే ఇక చూడ్డానికి ఏముంటుంది? పార్కులో పిల్లలు బంతి విసురుకోవడం చూడొచ్చు, టికెట్ కూడా అక్కర్లేదు. దెబ్బ ఆటలో భాగం. సస్కటూన్‌లో ఎం.ఎస్. చదివే రోజుల్లో ఇద్దరం ఒకే దుప్పటి కప్పుకుని గడ్డకట్టే చలిలో మ్యాచ్ చూసినప్పుడు నువ్వూ ఇదే అనేవాడివి. ఇల్లు కొనుక్కున్నాక మెత్తబడ్డావు.

ఆగస్టులో ఇటువైపు జట్టు మీ ఊరు వస్తోంది కదా. ఆ మ్యాచ్‌కి తప్పకుండా వెళ్ళు. ఎప్పుడూ మీవాళ్ళనే కాకుండా, వచ్చినవాళ్ళ డిఫెన్స్ వైపు కూడా ఓ కన్నేసి ఉంచు. ఎందుకని ఇప్పుడు అడక్కు. మ్యాచ్ అయ్యాక నువ్వే రాస్తావు.

దమయంతిని అడిగానని చెప్పు.

నీ
రాజగోపాల్


రెజైనా, సస్కాచివాన్
ఆగస్టు 12

ఒరేయ్ రాజా,

డిఫెన్స్ వైపు చూడమన్నావుగా. చూశాన్రా. కడుపు మండిపోయేట్టు చూశాను.

నువ్వు టీవీలో చూసే ఉంటావు. అయినా స్టాండ్స్‌లో ఉన్నవాడిగా నేను చెప్పాలి. మూడో క్వార్టర్. మేం నాలుగు పాయింట్లు ముందున్నాం. డార్బీ వెనక్కి నాలుగడుగులు వేసి, ఎడమవైపు దూరంగా విసిరాడు. ఏం విసరడం రా అది! స్టేడియం మొత్తం లేచి నిలబడి బంతి వెంట చూస్తోంది. అక్కడ మావాడు బంతి పట్టుకున్నాడు. అందరం అరిచాం. తిరిగి చూస్తే ఇటువైపు డార్బీ నేలమీద ఉన్నాడు. కాళ్ళు కదలడం లేదు. ఒక చెయ్యి మాత్రం గాల్లోకి లేచి, అలాగే బిగుసుకుపోయి ఉంది. వాడి పక్కన వాళ్ళ నలభై ఏడో నంబరు నిలబడి ఉన్నాడు. ఎవడో మెక్‌లీన్ అట. ప్రాక్టీసు జట్టులోంచి పోయిన నెలలోనే పైకి తెచ్చారట.

స్ట్రెచర్ మీద తీసుకెళ్ళారు. జెండా పడింది, బంతిని పదిహేను గజాలు ముందుకి జరిపి అదే పెనాల్టీ అన్నారు. మనిషి మెదడుకి పదిహేను గజాలు!

ఇంటికొచ్చి రీప్లే చూశాను. బంతి వెళ్ళిపోయిన తర్వాత భుజంతో గడ్డం కింద గుద్దాడు. మ్యాచ్ తర్వాత అభిమానులు ఫోన్ చేసి మాట్లాడే రేడియో కార్యక్రమం ఉంటుంది కదా, దానికి ఫోన్ చేశాను. జీవితంలో మొదటిసారి. లైన్ దొరికింది. "వీడు ఆటగాడు కాదు, వీధి రౌడీ. వీణ్ణి జన్మలో మైదానంలోకి రానివ్వకూడదు. ఇలాంటివాణ్ణి పెంచిన ఇల్లు ఎలాంటిదో చూడాలని ఉంది" అన్నాను. మర్నాడు కాఫీ షాపులో అందరూ నాతో చేతులు కలిపారు. ఎవరో నా మాటల్ని ఆ దెబ్బ వీడియోకి తగిలించి ఇంటర్నెట్‌లో పెట్టారట. కొన్ని లక్షలమంది చూశారని మా రాఘవయ్యగారు చెప్పారు. డెబ్భై దాటాక పేరొచ్చింది నాకు!

"ఇంటి సంగతి ఎందుకు ఎత్తావు?" అంది దమయంతి. తనకి ఆట తెలియదు.

ఇప్పుడు చెప్పు. దెబ్బ ఆటలో భాగమేనా?

నీ
త్యాగరాజు


లండన్
ఆగస్టు 22

త్యాగరాజూ,

ఉత్తరం చేరింది.

నువ్వు రాసినదాన్ని బట్టి ఒకటి అడుగుతున్నాను. దెబ్బ తగిలిన క్షణంలో నువ్వు బంతిని చూస్తున్నావు. మరి దెబ్బని చూశావా, లేక రీప్లేని చూశావా? రీప్లేలో వేగం తగ్గిస్తారు. అలా చూపిస్తే మనిషి ఆవులించినా కావాలని ఆవులించినట్టే ఉంటుంది. అంత బరువున్నవాడు అంత వేగంతో వస్తున్నప్పుడు, అవతలివాడి చేతిలోంచి బంతి వెళ్ళిపోయిందని తెలిశాక ఆగగలడా? నువ్వు హైవేల ఇంజనీరువి. బ్రేక్ వేసిన లారీ ఎక్కడ ఆగుతుందో లెక్క కట్టడమే నీ ఉద్యోగంగా ఉండేది.

డార్బీ తల దించాడు కూడా. అది గమనించావా?

డార్బీకి ఎలా ఉందో తెలిస్తే రాయి.

రాజగోపాల్


రెజైనా
సెప్టెంబరు 1

ఒరేయ్ రాజా,

ఏమయింది నీకు? ఒంట్లో బాగాలేదా? స్కూలు ఇన్‌స్పెక్టర్ రాసినట్టుంది నీ ఉత్తరం. "త్యాగరాజూ" అట! కాకినాడ కాలేజీలో నా పూర్తి పేరు పిలిచింది ప్రిన్సిపాల్ ఒక్కడే. అదీ సస్పెండ్ చేసినప్పుడు.

డార్బీ ఈ సీజన్‌కి ఇక ఆడడు. చీకటి గదిలో ఉంటున్నాడని, వెలుతురూ చప్పుడూ పడటం లేదని పేపర్లో రాశారు. చిన్న కూతురుందట. ఆ పిల్ల ఇంట్లో మునివేళ్ళమీద నడుస్తోందని వాళ్ళావిడ చెప్పింది. ఇది చదివి నేను పేపర్ మూసేశాను.

ఇక నీ లారీ లెక్క. కాఫీ షాపులో మాకూ అదే చర్చ. సాయిచరణ్ అని డెంటిస్టు, ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగాడు, అచ్చం నీలాగే వాదించాడు. మెక్‌లీన్ అప్పటికే గాల్లో ఉన్నాడన్నాడు. రాఘవయ్యగారు ఒప్పుకోలేదు. ఆయన యూనివర్సిటీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. కాగితం మీద బొమ్మ గీసి, ఒక అడుగు నేలమీద ఉందని చూపించారు. లీగ్ కూడా జరిమానా వేసింది. అంటే తప్పనేగా? నేను నా మాట మీదే ఉన్నాను. లారీకి బుర్ర ఉండదు. మనిషికి ఉంటుంది.

సరే, నిన్నొకటి అడుగుతాను. మీ వైదేహి కొడుకు అభి యూనివర్సిటీలో ఫుట్‌బాల్ ఆడేవాడు కదా. వాడైతే ఇలా గుద్దేవాడా? నువ్వు పెంచిన పిల్లాడు. చచ్చినా గుద్దడు. నేను రేడియోలో అన్నదీ అదే. అంతా పెంపకంలో ఉంటుంది.

తొందరగా రాయి. కోపమొస్తే తిట్టు. ఇలా మాత్రం రాయకు.

త్యాగరాజు


లండన్
సెప్టెంబరు 11

త్యాగూ,

నలభై ఏడో నంబరు మా అభిరామే.

మా అల్లుడు నీకు స్టువర్ట్‌గానే తెలుసు. ఇంటిపేరు మెక్‌లీన్. మీ అనౌన్సరూ, పేపర్లూ ఆ ఇంటిపేరుతోనే సరిపెట్టినట్టున్నాయి. వాణ్ణి పెద్ద జట్టులోకి తీసుకున్నారని జులైలోనే తెలిసింది. నీకు రాయకపోవడానికి కారణం వేరే ఏమీ లేదు. నువ్వు స్టాండ్స్‌లో ఉండగా అనౌన్సర్ వాడి పూర్తి పేరు చదివితే నీ మొహం ఎలా ఉంటుందో అనుకున్నాను. ఆట అయ్యాక వాడే వచ్చి నిన్ను పలకరించాలని ఇద్దరం మాట్లాడుకున్నాం. ముసలాళ్ళ సరదా. అంతే.

వాడికి లీగ్ ఒక మ్యాచ్ నిషేధం కూడా వేసింది. ఇంటికి వచ్చాడు. మా బేస్‌మెంట్‌లో ఉన్నాడు. నీ మాటలు తగిలించిన ఆ వీడియో వాడికి వందలమంది పంపారు. కింద ఏం రాశారో నేను చదివాను. వాడి రంగు గురించి, తల్లి గురించి, ఏ దేశానికి పొమ్మంటున్నారో దాని గురించి. వాడు పుట్టింది ఈ వీధి చివరి ఆసుపత్రిలో. ఫోన్ ఆపేసి డ్రాయర్లో పడేశాడు.

నీ గొంతు నాకు వినపడలేదు. స్క్రీన్ కింద వచ్చిన అక్షరాలు చదివాను. ఎవడో అనుకున్నాను. అభి అన్నాడు, "తాతా, ఇది త్యాగరాజు తాత కదా" అని. ప్రతి పుట్టినరోజుకీ నువ్వు వాడికి పంపే వాయిస్ మెసేజీల వల్ల గుర్తుపట్టాడు. ఆ తర్వాత రెండు రోజులకి నీ ఉత్తరం వచ్చింది. వాళ్ళమ్మకి చెప్పొద్దన్నాడు. నేను చెప్పలేదు. వైదేహికి ఇప్పటికీ అది ఎవరి గొంతో తెలియదు.

దెబ్బ సంగతి. ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. వేగంగా చూస్తే తప్పు లేనట్టుంటుంది. నెమ్మదిగా చూస్తే ఉన్నట్టుంటుంది. ఆఖరికి వాణ్ణే అడిగాను. "బంతి వెళ్ళిపోయిందని తెలుసా?" అంటే, "తెలుసనే అనుకుంటా" అన్నాడు. ఎంతసేపటి ముందు తెలిసిందో వాడికే తెలియదు. కాబట్టి నీ వాదన తప్పని నేను అనడం లేదు.

నువ్వు క్షమాపణ రాస్తావని నాకు తెలుసు. రాయకు. ఇప్పుడు చదివే ఓపిక లేదు.

రాజగోపాల్


రెజైనా
సెప్టెంబరు 30

రాజా,

రాయొద్దన్నావు కాబట్టి అది రాయడం లేదు. జరిగింది మాత్రం రాస్తాను.

నీ ఉత్తరం దమయంతికి ఇచ్చాను. చదివి, మడిచి, నా చేతికిచ్చి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాలుగు రోజులు నాతో అవసరమైన మాటలే మాట్లాడింది.

పోయిన శనివారం మళ్ళీ ఆ రేడియోకి ఫోన్ చేశాను. గొంతు గుర్తుపట్టాడు యాంకర్. "ఆ ఇల్లెలాంటిదో చూడాలన్నది మీరే కదా?" అన్నాడు. "నేనే. ఆ ఇల్లు నాకు నలభై ఏళ్ళుగా తెలుసు. ఆ ఇంట్లో అన్నం తిన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. రౌడీ అన్నదీ వెనక్కి తీసుకుంటున్నాను. దెబ్బ మాత్రం లేటే, బంతి వెళ్ళాకే తగిలిందని ఇప్పటికీ అనుకుంటున్నాను" అన్నాను. "అంటే ఆ కుర్రాడు మీకు తెలుసా?" అన్నాడు. తెలుసన్నాను. ఫోన్ పెట్టేశాక వచ్చిన కాలర్లందరూ నన్నే ఏకారు. ఈ మాటల్ని ఎవరూ ఏ వీడియోకీ తగిలించలేదు. పదిమంది కూడా విని ఉండరు.

కాఫీ షాపులో రాఘవయ్యగారు సూటిగా అన్నారు. "మీ స్నేహితుడి మనవడని తెలిసి మెత్తబడ్డారు. వేరెవరి మనవడో అయితే ఈ ఫోన్ చేసేవారా?" చేసేవాణ్ణి కాదు. అదే చెప్పాను.

అసలు రాయాల్సింది ఇది. నిన్న స్టేడియంలో సీజన్ టికెట్ ఉన్నవాళ్ళకి ఆటగాళ్ళని కలిసే కార్యక్రమం పెట్టారు. డార్బీ వచ్చాడు. నల్ల కళ్ళద్దాలు, టోపీ. మైకు పెట్టలేదు. అందరూ లైన్లో వచ్చి, నెమ్మదిగా మాట్లాడి వెళ్ళమన్నారు. గుళ్ళో కూడా మనవాళ్ళు అంత నిశ్శబ్దంగా ఉండరు. నా వంతు వచ్చింది. నేనెవరో, రేడియోలో ఏమన్నానో, నలభై ఏడో నంబరు నాకేమవుతాడో మూడు ముక్కల్లో చెప్పాను.

ఆయన కాసేపు నా మొహం పోల్చుకుంటున్నట్టు చూశాడు. "ఆ అబ్బాయి మర్నాడే నాకు మెసేజ్ పెట్టాడు. మా ఆవిడ చదివి వినిపించింది. నేను జవాబు పెట్టించాను. తర్వాత ఇంకో రెండు మూడు పెట్టాను. ఏమీ లేదు. బాగానే ఉన్నాడా?" అన్నాడు.

ఫోన్ డ్రాయర్లో ఉందని చెప్పాను.

అడగకూడదనుకుంటూనే అడిగాను. "ఆ దెబ్బ లేటా, కాదా?"

"నాకు గుర్తులేదు సర్. ఆ రోజు పొద్దున్న మా పాపకి బూట్ల లేసులు కట్టడం గుర్తుంది. తర్వాత ఆసుపత్రి పైకప్పు. మధ్యలో ఏమీ లేదు" అన్నాడు. నవ్వడానికి ప్రయత్నించాడు. "ఊరంతా దాని గురించి మాట్లాడుతోంది. నేనొక్కణ్ణే చూడలేదు."

వెనక లైన్ ఆగిపోయింది. వెళ్ళేముందు నా చెయ్యి వదలకుండా అన్నాడు. "ఫోన్ బయటికి తియ్యమనండి."

అంతే. అభికి చెప్పు. నా పేరు చెప్పాలో వద్దో నీ ఇష్టం.

త్యాగరాజు


లండన్
అక్టోబరు 9

ఒరేయ్ త్యాగూ,

నీ ఉత్తరం వాడికి చదివి వినిపించాను. తెలుగు వాడికి వింటే అర్థమవుతుంది, చదవడం రాదు. బూట్ల లేసుల దగ్గర ఒకసారి ఆపమన్నాడు. తర్వాత చదవమన్నాడు.

ఆ సాయంత్రమే ఫోన్ తీశాడు. ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. పైకి వచ్చి పెరుగన్నం పెట్టమన్నాడు. వైదేహికి అన్నీ వాడే చెప్పాడు, నీ గొంతు సంగతితో సహా. నీ మీద దానికి కోపం ఉంది. ఉండనీ. నా మీద ఇంకా ఎక్కువ ఉంది, దాచినందుకు.

నిషేధం ఎప్పుడో అయిపోయింది. వాడే వెళ్ళకుండా ఆగాడు. ఇప్పుడు జట్టులోకి వెళ్ళాడు. ఈ నెలాఖరున మళ్ళీ మీ ఊళ్ళో మ్యాచ్. కోచ్‌ని అడిగి ఒక రోజు ఎక్కువ ఉంటాడట. మీ ఇంటికి భోజనానికి రావచ్చా అని అడగమన్నాడు. నేను అడగమని చెప్పలేదు. అది మాత్రం నమ్ము.

నీ
రాజగోపాల్


రెజైనా
నవంబరు 2

ఒరేయ్ రాజా,

వచ్చాడు, తిన్నాడు, వెళ్ళాడు. నువ్వు టీవీలో చూసినదానికీ, వాడు మా ఇంట్లో చెప్పినదానికీ తేడా ఉంది. అందుకని వరసగా రాస్తాను.

అనౌన్సర్ వాడి పేరు చదవగానే స్టేడియం మొత్తం ఊళ పెట్టింది. పక్కవాళ్ళు పిడికిళ్ళు ఊపుతున్నారు. మా జట్టు రంగు ఆకుపచ్చ స్వెట్టర్ వేసుకునే నేను చప్పట్లు కొట్టాను. ముందు వరసలో ఒకావిడ వెనక్కి తిరిగి చూసింది. కొట్టడం ఆపలేదు.

ఆట బాగానే ఆడాడు. డార్బీ స్థానంలో మాకు కొత్త కుర్రాడున్నాడు, ఇరవై రెండేళ్ళుంటాయి. ఆఖరి నిమిషాల్లో మేం మూడు పాయింట్లు వెనకబడి ఉన్నాం. ఆ కుర్రాడికి విసరడానికి ఎవరూ దొరక్క బంతి చంకలో పెట్టుకుని తనే పరిగెత్తాడు. ఎదురుగా అభి ఒక్కడే. ఈసారి నేను బంతి వైపు చూడలేదు రాజా. అభి వైపే చూశాను. సరిగ్గా ఎదురు వచ్చాడు. భుజం దించాడు. ఇక గుద్దడమే. ఒక్క అడుగు దూరంలో వాడి ఒళ్ళు ఆగిపోయింది. చేతులు మాత్రం చాచాడు. మావాడు వాటి మధ్యనుంచి జారిపోయి మైదానం చివరి గీత దాటేశాడు, ఆరు పాయింట్లు.

గెలిచాం. రాఘవయ్యగారు నన్ను కావిలించుకుని ఊపేశారు. "భయపడ్డాడు వెధవ!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. ఇన్నేళ్ళలో మా జట్టు గెలిస్తే నేను లేచి నిలబడకపోవడం అదే మొదటిసారి.

మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు. గుమ్మంలో తల వంచి రావాల్సి వచ్చింది. దమయంతి గుత్తివంకాయ చేసింది. నేను మాట కోసం తడుముకుంటుంటే వాడే మొదలుపెట్టాడు, ఇంగ్లీషులో.

"తాతా, మీరు రేడియోలో అన్నది కరెక్టో కాదో నాకు తెలీదు. మీరు అనకపోయినా నేను అదే అనుకునేవాణ్ణి."

"నేను అనకూడదు" అన్నాను.

"అవును" అన్నాడు. అని వంకాయ వేసుకున్నాడు.

తర్వాత అడిగాను, "నిన్న కావాలని వదిలేశావా?" అని.

"కాదు. కొట్టాలనే వెళ్ళాను. దగ్గరికి వెళ్ళేసరికి వాడి మెడ కనపడింది. గడ్డం కింద చిన్న తెల్ల దారం ఉంది, హెల్మెట్‌ది ఊడి వేలాడుతోంది. ఇక భుజం వెళ్ళలేదు. కోచ్ వీడియో చూసి, మిస్ అయ్యావన్నాడు. సరే అన్నాను." నీళ్ళు తాగి, "ఇంక వెళ్ళదనుకుంటా తాతా" అన్నాడు.

దమయంతి వాడి కంచంలో ఇంకో రెండు గరిటెల అన్నం పెట్టింది. అప్పటికే నాలుగోసారి. వాడు వద్దనలేదు.

సాయంత్రం డార్బీ ఇంటికి నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్ళాను. వీధి చివర దింపేయమన్నాడు. నడిచి వెళ్ళాడు. తలుపు తీసింది ఒక చిన్న పిల్ల. నేను కారు తిప్పుకుని వచ్చేశాను.

నీ
త్యాగరాజు


లండన్
నవంబరు 24

ఒరేయ్ త్యాగూ,

అభిని జట్టులోంచి తీసేశారు. వాళ్ళు తీసేయకపోయినా వచ్చేసేవాడిననే అంటున్నాడు. రెండూ నిజమే కావచ్చు. జనవరినుంచి టీచర్ ట్రైనింగ్‌కి అప్లై చేశాడు. డార్బీ కూడా ఇక ఆడడట. అది పేపర్లో రాకముందే వీడికి తెలుసు. వారానికోసారి ఇద్దరూ మాట్లాడుకుంటారు. ఆట గురించి కాదనుకుంటా. ఒకసారి తలుపు పక్కనుంచి వెళ్తుంటే, ఆ పాపకి మొదటి పన్ను ఊడిన కథ వింటున్నాడు.

వైదేహి నిన్ను అడిగానని రాయమంది. దాన్ని అలాగే రాస్తున్నాను. ఇంతకన్నా ఎక్కువ అనుకోకు.

పోయిన ఆదివారం ఫైనల్. చూస్తావా అని అడిగితే వచ్చి పక్కన కూర్చున్నాడు. రెండో క్వార్టర్లో ఒక క్వార్టర్‌బ్యాక్‌ని పక్కనుంచి వచ్చి పడగొట్టారు. మంచి దెబ్బ. నియమం ప్రకారం తప్పేమీ లేదు, జెండా కూడా పడలేదు. నా చేతులు అలవాటుగా చప్పట్లకి లేచాయి. అభి నా వైపు చూడలేదు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని టీవీ వైపే చూస్తున్నాడు. కిందపడ్డవాడు ముందు మోకాలి మీద, తర్వాత కాళ్ళ మీద నిలబడ్డాడు.

"లేచాడు" అన్నాడు అభి.

నేను చేతులు దించుకున్నాను. అక్కడితో టీవీ కట్టేశాం. ఎవరు గెలిచారో నువ్వు రాయి.

నీ
రాజగోపాల్